రాతికి వ్రాయసకాడు

మొన్న సంక్రాంతికి నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. ఐరోపాలో ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, ఆ ఖండపు దక్షిణ దేశాల్లో తిరగడం, పాత కోటలను ఫోటోలు తీయడం అతని వ్యసనం. వీధి అరుగు మీద కూర్చుని ఫోనులో ఒక్కొక్క బొమ్మే చూపించసాగాడు. దక్షిణ ఫ్రాన్సులోని కార్కసాన్ కోట వచ్చేసరికి అతని చేయి పట్టుకుని ఆపాను. రెండు వరుసల ప్రాకారాలు, వాటి వెంబడి బురుజులు, బురుజుల నెత్తిన శంకువుల వంటి కప్పులు.

"ఎంత బాగా నిలుపుకున్నార్రా!" అన్నాను.

"మరి మన రాజమండ్రి కోట ఏదండీ, మాస్టారూ?" అన్నాడు.

"కోటగుమ్మం ఉందిగా."

"గుమ్మం సరేనండీ. కోట?"

నా దగ్గర జవాబు లేదు. ఆటోవాళ్ళు రోజూ కోటగుమ్మం, కోటగుమ్మం అని కేకలు వేస్తూనే ఉంటారు. ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, దిగేవాళ్ళు దిగుతారు. ఆ కూడలిలో నిలబడి కోట ఎక్కడని అడిగినవారిని నేను చూడలేదు. నేనూ అడగలేదు. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఒక పేరులోని సగం అర్థం ఎక్కడికి పోయిందో అన్న ఆలోచన రానివాణ్ణి! ఈ టపా ఆ కుర్రవాడికి ఆలస్యంగా చెబుతున్న సమాధానం. (అతనికీ యాభై దాటింది, నాకు మాత్రం కుర్రవాడే.)

11వ శతాబ్దిలో రాజరాజ నరేంద్రుని కొలువులో నన్నయ భట్టారకుడు భారతాన్ని తెనిగించాడని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో! ఆ సభాభవనంలోని ఒక్క గోడ కూడా మనకు మిగలలేదు. పద్యం మాత్రం మిగిలింది. రాయి కంటె తాటాకు గట్టిదా? కాదు. తాటాకును చెదలు తింటాయి, తడి తింటుంది. అయినా పద్యం నిలిచిందంటే, పాత ఆకు శిథిలం కాకముందే ఎవరో ఒక వ్రాయసకాడు కూర్చుని కొత్త ప్రతి ఎత్తినందువల్ల. తాటాకు పోతుందని అందరికీ తెలుసు గనుక ప్రతులు రాసుకున్నారు. రాయి పోదని అందరూ నమ్మారు గనుక రాతికి ప్రతి లేకపోయింది. నా అభిప్రాయమంతా ఈ ఒక్క మాటలో ఉన్నది: ఫోటో అంటే రాతికి ఎత్తిన ప్రతి. కెమెరా పట్టినవాడు వ్రాయసకాడు.

నా శిష్యుడు చూపిన ఆ కార్కసాన్ కథే చూడండి. 1851లో ఫ్రాన్సులోని చారిత్రక కట్టడాల సంఘం ఐదుగురు ఫోటోగ్రాఫర్లను దేశం నలుమూలలకూ పంపింది. అప్పటికి ఫోటో అన్నది లోకానికి తెలిసి పన్నెండేళ్ళే. ఆ ఐదుగురిలో లె గ్రే, మెస్త్రాల్ అనే ఇద్దరు కార్కసాన్ వెళ్ళి, శిథిలమైన ఆ కోటను ఉన్నదున్నట్టు ఫోటోలు తీశారు. వియొలే-లె-దూక్ అనే వాస్తుశిల్పి చేతిమీదుగా మరమ్మతులు మొదలైంది 1853లో. ముందు ప్రతి, తరువాత పరిష్కరణ. నన్ను మురిపించిన ఆ శంకువుల కప్పులు ఆయన పెట్టించినవేనట. దక్షిణాదికి ఉత్తరాది కప్పులు పెట్టాడని ఆయనను తప్పుపట్టినవారున్నారు. ఆ వివాదంలో మనం ఎవరి పక్షం వహించినా, అంతకు ముందరి కోట ఎలా ఉండేదో ఆ పాత ఫోటోల్లో చూసుకోవచ్చు. గ్రంథ పరిష్కర్త పుట అడుగున పాఠాంతరాలు ఇస్తాడే, అటువంటిదే ఇది. తాను దిద్దినది తప్పని తోస్తే, తరువాతివాడు పాత పాఠం చూసుకోవడానికి వీలుంటుంది.

మనవారికి ఈ బుద్ధి లేకపోలేదు. 1816లో కాలిన్ మెకంజీ తన బృందంతో అమరావతి స్తూప శిల్పాలకు బొమ్మలు గీయించాడు. ఆ శిల్పాల్లో కొన్ని తరువాత మాయమయ్యాయి. ఇప్పుడు అవి ఉండేవని చెప్పడానికి ఆ బొమ్మలే ఆధారం. అంతకు ముందే ఆయనకు శాసనాలు చదివిపెట్టి, కైఫీయతులు సేకరించి పెట్టినవారు మన ఏలూరి కావలి సోదరులు. 1858లో లినీయస్ ట్రైప్ మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిలలను ఫోటోలు తీశాడు. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలోని వందలాది శాసనాల పాఠాలు 1923లో వెలువడిన దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి. అఖండదీపానికి ఎవరు ఎన్ని గొర్రెలు ఇచ్చారో ఈనాడు ఇంట్లో కూర్చుని చదువుకుంటున్నామంటే, ఆనాడు రాతిపై కాగితం అద్ది సిరా పూసి అచ్చులు తీసినవారి పుణ్యమే.

అయితే పెద్ద గుళ్ళకు దక్కిన భాగ్యం చిన్న గుళ్ళకు దక్కలేదు. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

1989లో మా బడి పిల్లలను కోనసీమలో ఒక ఊరి శివాలయానికి విహారయాత్రగా తీసుకువెళ్ళాను. ముఖమండపంలో ఒక స్తంభం మీద పాత తెలుగు లిపిలో శాసనం ఉంది. వేలితో తడుముతూ మూడు నాలుగు పంక్తులు చదివి పిల్లలకు వినిపించాను. ఎవరో ఒక స్త్రీ దీపం పెట్టించిన దానశాసనం. ఆమె పేరు దగ్గర అక్షరాలు అరిగిపోయాయి. నీళ్ళు చల్లి, వెలుగు పక్క నుంచి పడేటప్పుడు చూస్తే తెలిసేదే. ఇంతలో బస్సువాడు హారను కొట్టాడు. "ఈసారి వచ్చినప్పుడు చదువుదాం" అన్నాను. అరువు తెచ్చిన కెమెరా చేతిలో ఉంది, రీలులో ఒక్క ఫోటో మిగిలింది. పిల్లలందరినీ ఆ స్తంభం ముందు నిలబెట్టి తీశాను.

ఆ ఈసారి రావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. 2003 పుష్కరాల ముందు గుడికి మరమ్మతులు జరిగాయి. నేను వెళ్ళేసరికి మండపమంతా నున్నటి పలకలు పరచి ఉంది. స్తంభాలకు సిమెంటు పూత, దాని మీద నిగనిగలాడే రంగు. ఏ స్తంభమో కూడా పోల్చుకోలేకపోయాను. అడిగితే, "ఆయ్, ఇప్పుడు శుభ్రంగా ఉందండి" అన్నారు. వారిని తప్పుపట్టను. చందాలు పోగుచేసి, కారుతున్న కప్పు బాగుచేసి, దీపం ఆరకుండా చూసినవారు వారు. గుడి మ్యూజియం కాదు. పూజ జరగవలసిన చోటు. మరమ్మతు వద్దనడానికి నేనెవరిని? నా మాట ఒక్కటే: పూత పూసే ముందు ప్రతి ఎత్తండి. దానికి పట్టేది ఒక పూట. ఇసుకను యంత్రంతో చిమ్మి పాత సున్నం వదలగొడితే సున్నంతో పాటు అక్షరమూ అరిగిపోతుంది. ఆ తరువాత ఎంత మంచి కెమెరా తెచ్చినా ఏం లాభం?

సంక్రాంతినాడు ఆ పాత ఫోటో తీసి అతనికి చూపించాను. వెనక వరుసలో పొడుగ్గా నిలబడి, శాసనానికి సరిగ్గా అడ్డంగా ఉన్నవాడు అతనే. అతని చెవి పక్కన ఒకటిన్నర అక్షరం కనిపిస్తుంది. చాలాసేపు చూసి, "అడ్డంగా నిలబడింది నేనేగా మాస్టారూ" అన్నాడు. "నిలబెట్టింది నేనురా" అన్నాను.

అప్పుడు రీలుకు డబ్బు ఖర్చు. ముప్ఫై ఆరు ఫోటోలతో సరి. ఇప్పుడు ప్రతివాడి జేబులో కెమెరా ఉంది. కాని మనం తీసేది ఇంకా అదే ఫోటో: గోపురం వెనకాల, మనం ముందు. మన మొహాలు తీసుకోవద్దనను, జ్ఞాపకం కావద్దా? ఒకటి అలా తీసుకుని, రెండోది పక్కకు తప్పుకుని తీయమంటాను. గుడి వెనుక గోడ, గడప, స్తంభాల అడుగు భాగం, ప్రాకారంలో తలకిందులుగా పెట్టి కట్టేసిన పాత రాయి, వీటిని ఎవరూ తీయరు. సాయంత్రపు ఏటవాలు ఎండలో తీస్తే అరిగిన అక్షరమూ లేచి కనబడుతుంది. గర్భాలయం జోలికి వెళ్ళవద్దు. ఫోటోలు వద్దన్నచోట మానాలి. అర్చకులను అడిగి తీస్తే వారే ఇంకో రాయి చూపిస్తారు.

మరొక ముఖ్యమైన సంగతి. తాళపత్ర గ్రంథం చివర వ్రాయసకాడు సంవత్సరం, మాసం, తిథి, ఊరు, తన పేరు రాసుకునేవాడు. తప్పులుంటే మన్నించమనీ వేడుకునేవాడు. ఆ నాలుగు ముక్కలు లేని ప్రతికి కాలం కట్టడం ఎంత కష్టమో పండితులకు తెలుసు. ఊరు, తేదీ, ఏ దిక్కు గోడ అన్నది రాయని ఫోటో కూడా అంతే. రాసినదాన్ని వికీమీడియా కామన్స్ వంటి పదిమందికీ అందే చోట ఉంచండి. మన ఫోను పోయినా ప్రతి పోదు.

కనుమ వెళ్ళిన మూడోనాడు నేను, అతను పాసింజరు బండెక్కి బిక్కవోలు వెళ్ళాం. తూర్పు చాళుక్యుల నాటి ఆలయాలు ఊళ్ళో కొన్ని, పొలాల్లో కొన్ని. పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి కనుక అంత తొందర లేదు. నాకు చేయి అలవాటు కావాలని వెళ్ళాం. పొలంలోని గుడి చుట్టూ తిరిగి తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని వరుసగా అతను తీస్తుంటే నేను నోటు పుస్తకంలో రాశాను. కోష్ఠం పైన మకరతోరణం దగ్గరికి వచ్చేసరికి నేను అడ్డంగా ఉన్నానట. "మాస్టారూ, కాస్త తప్పుకోండి" అన్నాడు. తప్పుకున్నాను.

మిత్రులారా, మీ ఊళ్ళోనో మీ అత్తవారి ఊళ్ళోనో ఈ ఏడు మరమ్మతుకు సిద్ధమవుతున్న గుడి, మేడ, సత్రం ఏదైనా ఉంటే మేస్త్రి కంటె ముందు మీరు వెళ్ళిరండి. వెళ్ళి ఏమి చూశారో రాయండి. నేను చదవలేక వదిలేసిన ఆ దీపపు ఇల్లాలి వంటి పేరు ఒక్కటి దొరికినా చాలు.