ఇంజిన్‌కు దారి ఉంది, బల్బుకే లేదు

పదిహేనేళ్ల కిందటి వంద సీసీ మోటార్‌సైకిల్ రాత్రివేళ జిల్లా రహదారి ఎక్కితే, దాని ముందున్న వెలుగు ఇంజిన్ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ తరం బళ్లలో చాలావాటికి హెడ్‌లైట్ విద్యుత్తు బ్యాటరీ నుంచి కాక నేరుగా మాగ్నెట్ కాయిల్ నుంచి ఏసీ రూపంలో అందుతుంది. యాక్సిలరేటర్ తిప్పితే వెలుగు, గుంత చూసి వేగం తగ్గిస్తే మసక. అంటే వెలుగు అత్యవసరమైన చోటే అది చేయిస్తుంది. 2022లో దేశంలోని రహదారులపై మరణించిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారేనని కేంద్ర రవాణా శాఖ నివేదికే చెబుతోంది. ఆ మరణాలన్నింటికీ చీకటే కారణమని ఎవరూ అనరు. కానీ చీకటిలో దారి చూడలేని బండిని చట్టబద్ధమని, దారి చూపే మార్పును నేరమని లెక్కగట్టే పాలనను మాత్రం ప్రశ్నించక తప్పదు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదంటుంది. తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని యజమాని మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అయితే రిజిస్ట్రేషన్ పత్రంలో బల్బు కోసం గడి ఏదీ లేదు. కాబట్టి 35 వాట్ల ఫిలమెంట్ బల్బు తీసి ఎల్‌ఈడీ బిగించడం నేరమా కాదా అనేది ఆ పూట రోడ్డు మీద నిలబడిన అధికారి వ్యాఖ్యానానికి వదిలేసినట్లే. వ్యాఖ్యానం మీద నడిచే చట్టం ఎక్కడైనా పేదవాడి జేబు దగ్గరే ఆగుతుంది.

ఇదే సెక్షన్ 52 సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ కిట్లకు మాత్రం తలుపు తెరిచే ఉంచింది. ఆమోదం పొందిన కిట్ బిగించి, పత్రంలో నమోదు చేయించుకుంటే వాహనం గుండెనే మార్చుకోవచ్చు. 2019 సవరణ ఇంకో అడుగు వేసి, ఇటువంటి మార్పులకు ప్రమాణాలను, షరతులను నిర్దేశించే అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టింది. అధికారం చేతిలో ఉంది, నమూనా కళ్లెదుటే ఉంది. లేనిది సంకల్పమే.

ఎదుటి పక్షం వాదనలోని బలాన్ని కాదనలేం. ఫిలమెంట్ కోసం రూపొందించిన రిఫ్లెక్టర్‌లో ఏదో ఒక ఎల్‌ఈడీని దూర్చితే, వెలుగు పుట్టే బిందువు స్థానం తప్పుతుంది. కాంతిపుంజం రోడ్డు మీద పడాల్సింది పోయి ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడుతుంది. ఆ క్షణకాలపు అంధత్వం ప్రాణాంతకం. కర్ణాటక పోలీసులు 2024లో మిరుమిట్లు గొలిపే హెడ్‌లైట్లపై ప్రత్యేక తనిఖీలు చేపట్టింది ఇందుకే. ఏసీ బండికి డీసీ మార్పిడి చేయకుండా ఎల్‌ఈడీ బిగిస్తే అది రెపరెపలాడుతుంది, త్వరగా కాలిపోతుంది. ఇండికేటర్లకు అమర్చితే పాత ఫ్లాషర్ లయ తప్పుతుంది. ఇవన్నీ వాస్తవాలే. అయితే ఇవి నిషేధానికి కారణాలు కావు, ప్రమాణాలకు కారణాలు. చిప్పులు ఫిలమెంట్ స్థానంలోనే ఉండేలా తయారైన బల్బు, సరైన రెగ్యులేటర్ రెక్టిఫయర్, గోడ మీద వెలుగు గీత చూసి సరిచేసిన హెడ్‌లైట్ ఉంటే సమస్యలో అధిక భాగం తీరుతుంది. ఏ బల్బు మంచిదో, ఏది కాదో తేల్చి చెప్పే ముద్ర మాత్రం మెకానిక్ చేతిలో లేదు. ఆ ముద్ర వేయాల్సింది ప్రభుత్వం.

అది ఆ పని చేయదు. ఢిల్లీ కరోల్‌బాగ్‌లోనూ, హైదరాబాద్ రాణీగంజ్‌లోనూ నాణ్యత తెలియని బల్బులు పట్టపగలు అమ్ముడవుతాయి. ప్రమాణాలకు విరుద్ధమైన కీలక భద్రతా విడిభాగాన్ని అమ్మేవారికి ఒక్కో భాగానికి లక్ష రూపాయల జరిమానా అని అదే 182ఏ చెబుతోంది. మరి తనిఖీ బృందం దుకాణం ముందు ఎందుకు నిలబడదు? రాత్రి తొమ్మిదింటికి పని ముగించుకుని ఇంటికి వెళ్లే కార్మికుడి ముందే ఎందుకు నిలబడుతుంది?

ఎల్‌ఈడీ విషయంలో ఈ ప్రభుత్వానికి అనుభవం లేదనీ కాదు. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి. ప్రభుత్వరంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ టోకుగా కొనడంతో, 310 రూపాయలున్న సేకరణ ధర రెండేళ్లకే 40 రూపాయల లోపుకు దిగింది. హుద్‌హుద్ తుపాను దెబ్బతీసిన విశాఖపట్నంలో వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చిందీ ఆ సంస్థే. ఇంటి గోడకు, వీధి స్తంభానికి పనికొచ్చిన విధానం రోడ్డు మీది బండి దగ్గరికి వచ్చేసరికి శిక్షాస్మృతిగా మారిపోయింది.

నిబంధనల పట్ల నిష్ఠకు పేరుపొందిన జర్మనీ 2020 నుంచి ఒక మార్గం తెరిచింది. నిర్దిష్ట వాహన నమూనాలో పరీక్షించి ఆమోదించిన ఎల్‌ఈడీ బల్బును ఆ నమూనాలో వాడుకోవచ్చు. మిగతావి నిషిద్ధం. ఇక్కడ కూడా ఏఆర్‌ఏఐ వంటి పరీక్షా సంస్థలతో, ఎక్కువగా తిరిగే పాత మోడళ్లకు ముందుగా అటువంటి జాబితా రూపొందించడం అసాధ్యమేమీ కాదు. ఆమోదిత బల్బుపై ముద్ర, ముద్ర లేని సరుకు అమ్మేవాడిపై తొలి కేసు, నామమాత్రపు రుసుముతో నమోదు, వెలుగు కోణాన్ని కొలిచి మాత్రమే జరిమానా. ఈ నాలుగూ చాలు.

2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు పగలూ హెడ్‌లైట్ వెలిగి ఉండాలని ఇదే ప్రభుత్వం శాసించింది. కొత్త బండి కొనగలిగినవాడికి పగటిపూట కూడా వెలుగు తప్పనిసరి చేసిన రాజ్యం, కొనలేనివాడికి రాత్రిపూటైనా సరైన వెలుగు దొరికే దారి చూపాలి. చూపనంతకాలం అతని చేతిలో చలానా పెట్టే నైతిక హక్కు దానికి లేదు.