దిగేముందే తేల్చుకోండి

గ్రాండ్ కేనియన్ దక్షిణపు అంచు మీద జులై మధ్యాహ్నం సగటున 29 డిగ్రీలు ఉంటుంది. పైన్ చెట్ల నీడ, లోయ మీదుగా వచ్చే పొడిగాలి. విజయవాడ నుంచో ఖమ్మం నుంచో వెళ్లిన మనిషికి అసలు అది ఎండాకాలంలాగే అనిపించదు. అక్కడి నుంచి నిలువునా ఒక మైలు కిందికి, కొలరాడో నది ఒడ్డుకు దిగితే అదే నెలలో పగటి సగటు 41. వేడి ముదిరిన రోజుల్లో, నీడలేని చోట్ల 49 కూడా దాటుతుంది. ప్రాణాలు పోవడానికి కింది వేడి ఎంత కారణమో, దాన్ని కనపడనివ్వని ఈ పైచల్లదనం కూడా అంతే కారణం.

ఈ సంగతి ఇప్పుడే ఎందుకంటే, మే నెలలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో పట్టాలిస్తారు. పిల్లల గ్రాడ్యుయేషన్ చూడటానికి అమ్మానాన్నలు వెళతారు. అయ్యాక తూర్పున నయాగరా, పడమర లాస్ వెగాస్, అక్కడి నుంచి ఒక్క రోజులో గ్రాండ్ కేనియన్. మన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న ప్రణాళిక ఇదే. వెగాస్ నుంచి దక్షిణపు అంచుకు దాదాపు 450 కిలోమీటర్లు. టిఫిన్ చేసి ఏడింటికి బయల్దేరితే, దారిలో ఒకసారి ఆగి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా లోయ దారుల్లో నడవొద్దని పార్కు అధికారులు ఏటా మొత్తుకుంటారు. నడవకూడని ఆ వేళకే మన ప్రణాళిక మనల్ని సరిగ్గా తీసుకెళ్లి దారి మొదట్లో నిలబెడుతుంది. ఫొటోలు అయ్యాక ఎవరో ఒకరు అంటారు: కాస్త దిగి చూసొద్దాం.

తిరుమల మెట్లు ఎక్కేవాళ్లకు కష్టం ముందే ఎదురవుతుంది. ఓపిక లేకపోతే వెనక్కి తిరగొచ్చు, దిగడం తేలిక. ఇక్కడ లెక్క తలకిందులు. హాయిగా మాట్లాడుకుంటూ, ఒళ్లు అలసిన సంగతే తెలియకుండా దిగిపోతాం. అలుపు తెలిసే సమయానికి కొండంతా నెత్తిమీద ఉంటుంది. దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు పడుతుందన్నది అక్కడి రేంజర్లు చెప్పే లెక్క. పదకొండింటికి మొదలుపెట్టి రెండు గంటలు దిగినవాడికి, తిరిగి నాలుగు గంటల ఎక్కుడు మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలవుతుంది. అంచు నుంచి నదికి వెళ్లి అదే రోజు పైకి రావాలనుకోవద్దని, ముఖ్యంగా మే నుంచి సెప్టెంబరు దాకా ఆ ఆలోచనే పెట్టుకోవద్దని బోర్డులు పెట్టింది ఇందుకే.

మాకు రెంటచింతల ఎండలే అలవాటు, ఈ ఎండ ఒక లెక్కా అనే మాట మన వాళ్ల నోట తరచూ వింటాను. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే మాట అది. మన కోస్తా ఉక్కపోతలో చొక్కా తడిసిపోతుంది, ఒంట్లో నీరు పోతున్నట్టు కంటికి తెలుస్తుంది. ఎడారి గాలిలో చెమట పట్టీ పట్టకముందే ఆవిరైపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, దాని మీద తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి. ఎండకు ఒళ్లు అలవాటు పడాలంటే ఆ వేడిలో వారం రెండు వారాలు శ్రమ చేయాలి. ఏసీ గదిలో కొన్ని వారాలుంటే ఆ అలవాటు కాస్తా పోతుంది. డాలస్‌లో ఏసీ కారు దిగి ఏసీ ఆఫీసులోకి వెళ్లే కుర్రాడికి పుట్టిన ఊరి ఎండ ఏం రక్షణ ఇస్తుంది? మన ఊళ్లలో ఎండను గెలిచినవాళ్లు దాన్ని ఎదిరించి గెలవలేదు. తెల్లవారకముందే పొలానికి వెళ్లి, ఎండెక్కేసరికి ఇంటికొచ్చి తలుపులు మూసి, పొద్దు వాలాక మళ్లీ బయటికొచ్చి గెలిచారు. ఆ వేళల తెలివినే అరిజోనాకు తీసుకెళ్లాలి.

ఒంట్లో బలం ఉంటే చాలనుకునేవాళ్లకు 2004 జులైలో జరిగినది చెప్పాలి. ఆ ఏడాదే బోస్టన్ మారథాన్ పరుగెత్తిన 24 ఏళ్ల వైద్య విద్యార్థిని, ఒక స్నేహితుడితో కలిసి ఈ లోయలో దూరపు పరుగుకు దిగింది. తీసుకెళ్లిన నీళ్లు చాలలేదు. అతను ఇక కదల్లేక నీడలో ఆగిపోతే, ఆమె సాయం కోసం ఒంటరిగా ముందుకు వెళ్లింది. అతను బతికాడు, ఆమె చనిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 జూన్, జులైలలో మూడు వారాల వ్యవధిలో ముగ్గురు ఆ దారుల్లో ప్రాణాలు విడిచారు. వాళ్ల వయసులు 41, 69, 50. చివరి మనిషి పడిపోయిన చోటు దారి మొదలుకు దాదాపు వంద అడుగుల కింద. ఇంకాస్త ఎక్కితే చాలు, పైకి వచ్చేసేవాడు.

నీళ్ల గురించి అందరూ చెబుతారు, ఉప్పు గురించి చెప్పరు. వేడిలో గంటకు అర లీటరు నుంచి లీటరు నీళ్లు కావాలి. కానీ ఏమీ తినకుండా వట్టి నీళ్లే కడుపు నిండా పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, మాట తడబడటం, ఆ తర్వాత మూర్ఛ. చూడ్డానికి వడదెబ్బలాగే ఉంటుంది. నీళ్లు చాలలేదేమోనని పక్కవాళ్లు ఇంకా తాగిస్తారు, అది ప్రాణం మీదికి తెస్తుంది. ఈ లోయలో నడిచేవాళ్లలో వైద్యులు దీన్ని ప్రత్యేకంగా గమనించి రాశారు. మన దగ్గర దీనికి మందు వంటింట్లోనే ఉంది. జంతికలు, చేగోడీలు, ఉప్పు వేసి వేయించిన వేరుశనగపప్పు సంచిలో వేసుకుని, ఆకలి లేకపోయినా అరగంటకోసారి తినాలి. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడే పెద్దవాళ్లు ముందే డాక్టరును అడగాలి, ఎందుకంటే ఆ మాత్రలు ఒంట్లో నీటినీ ఉప్పునూ బయటికి పంపుతాయి.

బట్టల విషయంలో చలికొండలెక్కేవాళ్ల సలహాలు ఇక్కడ పనికిరావు. తడిస్తే త్వరగా ఆరదని వాళ్లు నూలును వద్దంటారు. ఇక్కడ మనకు కావాల్సింది ఆ గుణమే. కొళాయి కనిపించిన ప్రతిచోటా చొక్కా తడుపుకోండి, తుండుగుడ్డ తడిపి మెడకు చుట్టుకోండి. గొడుగు పట్టుకెళ్లడానికి మొహమాటం అక్కర్లేదు. కాలిగోళ్లు ముందురోజే కత్తిరించుకోవాలి, లేదంటే దిగుడులో బూటు కొనకు తగిలి నల్లబడతాయి.

కొళాయిలన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. దక్షిణపు అంచు నుంచి దిగే బ్రైట్ ఏంజెల్ దారిలో 2.4, 4.8 కిలోమీటర్ల దగ్గర విశ్రాంతి మండపాలు, 7.2 దగ్గర హవాసుపాయ్ గార్డెన్స్ ఉన్నాయి. అక్కడి నుంచి వెళ్లగొట్టబడ్డ హవాసుపాయ్ ప్రజల పేరు 2022లో గానీ ఆ చోటికి తిరిగి రాలేదు. ఈ మజిలీల్లో వేసవిలో నీళ్లుంటాయని పుస్తకాల్లో చదివి ధీమాగా వెళ్లొద్దు. ఉత్తరపు వైపు ఊటల నుంచి నీళ్లు తెచ్చే గొట్టం 1960ల నాటిది, తరచూ పగులుతుంది. 2024 ఆగస్టు చివర్లో ఆ పగుళ్ల వల్లే దక్షిణపు అంచు మీద హోటళ్లలో రాత్రి బసలు ఆపేశారు. బయల్దేరే రోజు పొద్దున్నే ఏ కొళాయి పనిచేస్తోందో చూసుకోండి. మరో దారి సౌత్ కైబాబ్‌లోనైతే నది దాకా 10 కిలోమీటర్లకు పైగా ఎక్కడా నీళ్లు లేవు, నీడ దాదాపు లేదు.

లోయ అడుగున ఉండే నల్లరాయి పేరు విష్ణు షిస్ట్, వయసు 170 కోట్ల ఏళ్ల పైమాట. లోయలోని శిఖరాలకు బ్రహ్మ, విష్ణు, శివ పేర్లు కూడా ఉన్నాయి. 1880ల నాటి భూగర్భ శాస్త్రజ్ఞుడు క్లారెన్స్ డటన్ అలాంటి పేర్ల ఒరవడి పెట్టాడు. ఇవన్నీ అంచు మీద నుంచే అమ్మానాన్నలకు చూపించొచ్చు. ఆ నల్లరాయి పగలంతా వేడిని పీల్చి రాత్రి విడుస్తుంది కాబట్టి, పొద్దుగూకినా అడుగున చల్లబడదు.

ఆపద వస్తే హెలికాప్టర్ రాదా అనుకోవద్దు. గాలి వేడెక్కి పలచబడితే దానికి ఎత్తే బలం తగ్గుతుంది, మరీ వేడి రోజుల్లో ఎగరలేకపోవచ్చు. దారిలో చాలాచోట్ల ఫోన్ పలకదు. రేంజరు అదే ఎండలో నడిచి రావాలి. 1996 వేసవి మరణాల తర్వాత పార్కువారు దారి మొదట్లోనే మనుషుల్ని నిలబెట్టి అడిగించడం మొదలుపెట్టారు. ఎక్కడిదాకా వెళతారు, ఎన్ని నీళ్లున్నాయి, ఏం తింటారు అని. వాళ్లతో గొప్పలకు పోకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వెనక్కి తిరిగే వేళను పైన ఉండగానే తేల్చుకుని అందరూ ఒప్పుకోవాలి. ఆ వేళకు ఎక్కడున్నా తిరగాలి. ముందుగా అలసినవాళ్ల మాటే అందరికీ ఆజ్ఞ, గుంపు విడిపోకూడదు.

ఈ వేసవికి టికెట్లు తీసేసిన పిల్లలకు ఒక్కటి చెబుతాను. వెగాస్‌లో రెండో రాత్రి గది రద్దు చేసి, పార్కు గుమ్మంలో ఉన్న టుసాయన్‌లోనో, గంట దూరంలోని విలియమ్స్‌లోనో తీసుకోండి. సౌత్ కైబాబ్ మొదలుకు మామూలుగా సొంత కార్లు పోనివ్వరు, తెల్లవారుజాము నుంచే పార్కు బస్సులు ఉచితంగా నడుస్తాయి. వేసవిలో అక్కడ అయిదుంబావుకల్లా పొద్దు పొడుస్తుంది. ఆ బస్సెక్కి ఊ-ఆ పాయింట్ దాకా కిలోమీటరున్నర దిగితే లోయ రెండు వైపులా తెరుచుకుంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు అంచు మీదే కూర్చుని చూడొచ్చు. మీరు ఎనిమిదిలోపు పైకొచ్చేస్తే అందరూ కలిసే టిఫిన్ తినొచ్చు.