బ్రెజిల్ 1982: తప్పు కుడివైపుదేనా?

ఫుట్‌బాల్ గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా మా ఆఫీసులో ఒక మాట తప్పకుండా వస్తుంది. "అందంగా ఆడితే సరిపోదు బాసూ, 1982లో బ్రెజిల్ గతేమైందో చూడు" అని. డ్రా చేసుకుంటే చాలు సెమీస్‌కి వెళ్ళిపోయే మ్యాచిలో కూడా అటాక్ అటాక్ అంటూ పోయి ఇటలీ చేతిలో 3-2తో ఓడారు, ఆ మాత్రం తెలివి లేకపోయింది అంటారు. నేనూ చాలాకాలం తలూపాను. మొన్న శని, ఆదివారాలు ఆ మ్యాచి మొత్తం రెండుసార్లు చూశాక మాత్రం మానేశాను.

ముందు ఫార్మేషన్ సంగతి. కోచ్ టెలె సాంటానా. వెనక లియాండ్రో, ఆస్కార్, లూయిజినో, జూనియర్. వాళ్ళ ముందు సెరెజో, ఫల్కావ్. ఆ పైన సోక్రటీస్, జీకో. కొసన సెర్జినో, ఎడమ పక్కగా ఎడెర్. కాగితమ్మీద 4-2-2-2. చూడగానే వచ్చే అనుమానం: మరి కుడివైపు ఎవరు? ఎవరూ లేరు! ఎడమవైపు జూనియర్, ఎడెర్ ఇద్దరుంటే కుడివైపు లైనంతా లియాండ్రో ఒక్కడిదే.

ఇది మర్చిపోయి వదిలేసిన ఖాళీ కాదు. వీలున్నవాడు పరిగెత్తుకొచ్చి వాడుకోవాల్సిన ఖాళీ. ఆ నలుగురు మిడ్‌ఫీల్డర్లలో ఎవడు వస్తాడో ఎదుటి డిఫెండరుకి ముందుగా తెలీదు. అలా ఆడే మొదటి నాలుగు మ్యాచిల్లో 13 గోల్స్ కొట్టి 3 మాత్రమే ఇచ్చారు.

ఇక జులై 5, బార్సిలోనా, సరియా స్టేడియం. గోల్స్ ఒక్కొక్కటే చూద్దాం.

5వ నిమిషం: కబ్రీని క్రాస్ వేశాడు, రోసీ తలతో కొట్టాడు. కబ్రీని ఇటలీ లెఫ్ట్ బ్యాక్. అంటే క్రాస్ వచ్చింది బ్రెజిల్ ఖాళీగా వదిలిన వైపు నుంచే. సరే, ఇది ఫార్మేషన్ ఖాతాలో రాసుకోండి.

12వ నిమిషం: జీకో పాస్, సోక్రటీస్ గోల్. సోక్రటీస్ పరిగెత్తింది ఎక్కడ? అదే కుడివైపు ఖాళీలోకి.

25వ నిమిషం: సెరెజో తన డిఫెన్సు ముందు అడ్డంగా, అజాగ్రత్తగా ఒక పాస్ వేశాడు. రోసీ లాక్కుని కొట్టేశాడు. దీనికీ ఫార్మేషన్‌కీ సంబంధం లేదు. ఏ ఫార్మేషన్లో వేసినా అది చెడ్డ పాసే.

68వ నిమిషం: జూనియర్ ఎడమ నుంచి మధ్యకొచ్చి ఫల్కావ్‌కి ఇచ్చాడు. సెరెజో కుడివైపు పరిగెత్తి డిఫెండర్లని తనతో లాక్కుపోయాడు. ఫల్కావ్ ముందు దారి తెరుచుకుంది. 2-2. మళ్ళీ ఆ ఖాళీయే!

ఇక్కడే అసలు విషయం ఉంది. వెంటనే సాంటానా ముందువరసలోని సెర్జినోని తీసేసి పాలో ఇసిడోరోని దించాడు. అతను కుడివైపు ఆడే మిడ్‌ఫీల్డర్. అంటే మనవాళ్ళు లేదంటున్న ఆ "మాత్రం తెలివి" చూపించాడన్నమాట. అయినా 74వ నిమిషంలో గోల్ పడింది. ఎలా? కార్నర్ నుంచి. బ్రెజిల్ జనమంతా తమ పెనాల్టీ బాక్సులోనే ఉన్నారు. అందరూ ముందుకొస్తుంటే జూనియర్ గోల్ పోస్టు దగ్గరే ఉండిపోయి రోసీని ఆన్‌సైడ్ చేశాడు. చివర్లో ఆస్కార్ తలతో కొట్టిన బంతిని 40 ఏళ్ళ జాఫ్ లైను మీద పట్టేశాడు. అయిపోయింది.

లెక్క తేల్చండి. ఆ ఖాళీ రెండిచ్చింది, ఒకటి తీసుకుంది. మిగతా రెండిట్లో ఒకటి చెడ్డ పాసు, ఇంకోటి డిఫెన్సులో సమన్వయం లేకపోవడం. బ్రెజిల్ డిఫెన్సు గొప్పదని నేననను. కానీ ఓడించింది అటాక్ మాత్రం కాదు. కొంప ముంచిన గోల్ అందరూ వెనక్కొచ్చి కాచుకుంటున్నప్పుడే పడింది.

నాకెందుకింత బాధంటే, ఇది రోజూ చూస్తున్నదే. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒక రిలీజ్ కుప్పకూలింది. కారణం కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక్క తప్పు లైను. లాగ్ చదవకుండానే మీటింగు పెట్టి డిజైన్ మొత్తం పక్కన పడేశారు. రెండేళ్ళు కష్టపడ్డ కుర్రాళ్ళు మాట్లాడకుండా కూర్చున్నారు. అందులో నేనూ ఒకణ్ణి.

1994లో బ్రెజిల్ డుంగా, మౌరో సిల్వాలని డిఫెన్సు ముందు కాపలా పెట్టి కప్పు గెలిచింది. మంచిదే, కప్పు కప్పే. అంతమాత్రాన 1982 పద్ధతి తప్పని ఋజువైపోదు. ఓడినవాళ్ళు చేసిందంతా తప్పే అనుకోవడం సులువు. ఏది తప్పో వెతకడానికి మాత్రం తొంభై నిమిషాలు కూర్చోవాలి.

ఈసారి ఎవరైనా ఆ మాటంటే, "మ్యాచి చూశారా సార్?" అని అడగండి చాలు.