దవడ గడ్డకు తొందరపాటు తగదు

దవడపై వాపు కనుపించినంతనే మనవారిలో రెండు విధముల తొందరపాటు కానవచ్చుచున్నది. కొందరు పుచ్చిపంటి దోషమని తలచి పన్ను పీకించుకొందురు. మరికొందరు కాన్సరేయని తమలో తామే నిశ్చయించుకొని, ఆడపిల్లయైనచో సంబంధములు తప్పిపోవునను భయమున దాచియుంచెదరు. నీటి దోషమని సరిపెట్టుకొనువారును లేకపోలేదు. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల భూగర్భజలములలో ఫ్లోరైడు హెచ్చన్నది నిజమే. హొగెనకల్ నీటి పథకము 2013లో వచ్చినదియు అందులకే. కాని ఫ్లోరైడు పండ్లకు గార పట్టించును, కీళ్ళు బిగియజేయును; ఒకవైపు దవడను మాత్రము ఉబ్బింపదు.

దవడయెముకలో పుట్టు కణుతులలో కాన్సరు కానివి పెక్కు గలవు. గట్టి యెముకగానే పెరుగునది ఆస్టియోమా. పంటివేరును అంటిపెట్టుకొని పెరుగునది సిమెంటోబ్లాస్టోమా. 1956లో జాఫే, లిచ్టెన్‌స్టీన్ అను అమెరికా వైద్యులిరువురు ఎవరికివారుగా ఆస్టియోబ్లాస్టోమా యని పేరిడినది మిక్కిలి అరుదు. ఎముక కణుతులన్నిటిలో ఇంచుమించు నూటికొకటి. అందు దవడకు వచ్చునది మరింత స్వల్పము. ఇది నొప్పి పెట్టును, ఒక్కొక్కప్పుడు వేగముగా పెరుగును, సూక్ష్మదర్శినిలో సైతము ఎముక కాన్సరును పోలియుండవచ్చును. కావున మంచి కణితికి దవడను కోసివేయుటయు, చెడ్డదానిని మంచిదని విడిచిపెట్టుటయు రెండును సంభవింపగలవు.

వర్తకులమైన మనము బస్తాను పైనుండి చూచి ధాన్యము కొనము. చువ్వ గ్రుచ్చి లోపలి గింజను తీసి చూతుము. బయాప్సీ అట్టిదే. అయితే ఇచ్చట గింజయొక్కటే చాలదు. కణితి అంచు తీరుగా నున్నదా, చెదరియున్నదా, పంటివేరుతో కలిసినదా యనునది ఎక్స్‌రే, సి.టి. చిత్రములే చెప్పవలెను. చిత్రము చూడక ముక్కను మాత్రము చూచిన పాథాలజిస్టు ఎంత నిపుణుడైనను తప్పుదారి పట్టవచ్చును. జెయింట్ సెల్ గడ్డయని తేలినచో రక్తమున కాల్షియమును, పారాథైరాయిడ్ హార్మోనును చూడవలెను. ఆ గ్రంథి దోషమువలన వచ్చు గడ్డయు అచ్చముగా అట్లే కానవచ్చును. అప్పుడు ముఖ్య చికిత్స దవడకు గాదు, మెడలోని గ్రంథికి. ఆస్టియోమాలు పెక్కుచోట్ల నున్నచో పెద్దప్రేగును పరీక్షింపవలెను. గార్డ్‌నర్ వ్యాధియైనచో దవడలోనివి నిరపాయకరములైనను, ప్రేగులోని పాలిపులు కాలక్రమమున కాన్సరుగా మారును.

కృష్ణగిరిలో 2022 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల యున్నది. హోసూరువారికి 40 కిలోమీటర్ల దూరమున బెంగుళూరులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల గలదు. చిక్కు దూరముతో గాదు, కాగితములతో. ఇచ్చట తీయించిన ఎక్స్‌రేను బీరువాలో మరచి, అచ్చటికి రిక్తహస్తములతో పోవుదురు. పాత చిత్రము లేనిదే గడ్డ ఎంతకాలములో ఎంత పెరిగినదో వైద్యుడెట్లు తెలిసికొనును? బయాప్సీ స్లైడులను, మైనపు దిమ్మెను అడిగి పుచ్చుకొని మరియొక పాథాలజిస్టుకు చూపవచ్చునను సంగతియే పలువురెరుగరు.

భాష సంగతియు కొంత గలదు. అంగడిలో తమిళము, బెంగుళూరులో కన్నడము మనకు కొరత లేకుండ వచ్చును. కాని ఇంటి పెద్దామె తన బాధను తెలుగుననే చెప్పగలదు. ఆమె సలుపనుట వేరు, పోటనుట వేరు. క్రిందిపెదవి మొద్దుబారినదనుట మరింత వేరు. ఈ కడపటిది వైద్యుడు తప్పక వినవలసిన ప్రమాద సూచన. ఆమె మాటను ఉన్నదున్నట్లు చెప్పగల కోడలో మనుమడో వెంట పోవలెను; 'నొప్పి' యను ఒక్కమాటతో తేల్చివేయు మగవారిని పంపుట నాకు సమ్మతము గాదు. ఇంగ్లీషు రిపోర్టులను చదివి తెలుగున వివరింపగల యువకులను ఇద్దరు ముగ్గురిని, హోసూరున కొందరిని కృష్ణగిరిన కొందరిని, మన సంఘము ఏర్పరుపవలెనని రాబోవు సమావేశమున ప్రతిపాదింపనున్నాను.