నాలుగు చక్రాలూ లాగాలంటే ముందు నాలుగు ప్రశ్నలు

ఈ వారం జాడీలు, పచ్చళ్ళు పక్కన పెట్టి బండి సంగతి చెబుతాను. ‘ఈ పేజీలో బండి గొడవేమిటి?’ అనుకోకండి. బండికి పెట్టే డబ్బు మన బీరువాలోంచీ, ఒక్కోసారి మన చేతి గాజుల్లోంచీ వచ్చేదే గదా!

మాకు కూరగాయలు తోలే పికప్ బండి ఒకటుంది. పొలాల దగ్గర సరుకు ఎత్తుకుని తెల్లారేసరికి మార్కెట్టుకు చేర్చాలి. మాది నల్లరేగడి నేల. ఎండాకాలం రాయిలా ఉంటుంది, నాలుగు చినుకులు పడితే జిగట పిండే. పోయిన వానాకాలం ఒక రాత్రి డొంకలో బండి దిగబడింది. ట్రాక్టరు తెచ్చి లాగేసరికి పొద్దెక్కింది. బెండకాయలు వాడిపోయి నల్లబడ్డాయి, సగం ధర కూడా రాలేదు. రైతులకు మాత్రం మొత్తం డబ్బు ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ మర్నాడే మావారు మెకానిక్కును వెంటబెట్టుకుని వచ్చారు. “అమ్మా, మీ బండికి వెనక చక్రాలే లాగుతాయి. ముందు చక్రాలు కూడా లాగేట్టు చేసేస్తాను. పాత జీపు సామాను దొరికింది. లక్షన్నరలో ఫోర్ వీల్ డ్రైవు బండి అయిపోతుంది” అన్నాడతను. మావారు నా గాజుల వంక చూశారు. నాకు అర్థమైపోయింది.

కాదంటే ‘బండి సంగతి నీకేం తెలుసు’ అంటారు. ఔనంటే గాజులు బ్యాంకుకు పోతాయి. అందుకని రెండూ అనలేదు. “నాలుగు రోజులు ఆగండి” అన్నాను. మా పెద్దవాడు పాలిటెక్నిక్కులో ఆటోమొబైలు చదువుతున్నాడు. వాణ్ణి కూర్చోబెట్టి అడిగితే నాలుగు ప్రశ్నలు తేలాయి. మీ ఇంట్లో ఇలాంటి మాట వస్తే పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటి ప్రశ్న: బండి అసలు ఎందుకు దిగబడుతోంది?

బండి మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం, లోపలివైపు చక్రం తక్కువ దూరం తిరగాలి. అందుకని రెంటికీ మధ్య డిఫరెన్షియల్ అని ఒకటి పెడతారు. దాంతో ఒక చిక్కు ఉంది. ఒక చక్రం బురదలో జారిందంటే అది ఊరికే గిరగిరా తిరుగుతుంది, గట్టి నేల మీదున్న రెండోది కదలకుండా నిలబడిపోతుంది. పైగా పికప్ ఖాళీగా ఉంటే వెనక బరువుండదు, ఇంకా తొందరగా జారుతుంది.

మా బండికి వెనక టైర్లు నున్నగా అరిగిపోయాయి. బురదలో పట్టు ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి? లోతు గాట్లున్న టైర్లు వేయడం, ఖాళీగా వెళ్ళేటప్పుడు వెనక ఇరుసు మీదికి వచ్చేట్టు రెండు మూడు ఇసుక బస్తాలు కదలకుండా కట్టడం, మెత్తటి నేలలో టైర్లలో గాలి కాస్త తగ్గించి నెమ్మదిగా నడపడం, ఇవన్నీ చేతిలో ఉన్న పనులే. తారు రోడ్డు ఎక్కేముందు మాత్రం గాలి మళ్ళీ సరిగ్గా పట్టించాలి, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది.

రెండో ప్రశ్న: ఏమేం మార్చాలి?

ముందు చక్రాలు లాగాలంటే ఒక్క సామానుతో అయ్యే పని కాదు. గేరుబాక్సు వెనక ఇంజను బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కావాలి. అది మన గేరుబాక్సుకు అతకకపోతే గేరుబాక్సే మార్చాలి. అక్కడి నుంచి ముందుకు ఇంకో షాఫ్టు, ముందు డిఫరెన్షియల్ ఉన్న ఇరుసు, చక్రం పక్కలకు తిరుగుతున్నా బలం అందించే జాయింట్లు, వాటికి తగిన కమాను కట్టలు కావాలి. కొత్త ఇరుసు ఇంజను కింది భాగానికి తగలకుండా ఉండాలని ఒక్కోసారి బండినే పైకి లేపాల్సి వస్తుంది. వెనక షాఫ్టు కొలత మారుతుంది. స్టీరింగు కడ్డీలు, బ్రేకు గొట్టాలు కూడా మార్చాలి.

ఈ చిట్టా కాగితం మీద రాసిమ్మన్నాను. మెకానిక్కు రాసిచ్చిన దాంట్లో షాఫ్టుల పనీ, బ్రేకుల పనీ లేనే లేవు. అవి కలిపితే లక్షన్నర కాస్తా చాలా పైకి పోయింది. డబ్బు ఒక ఎత్తు, ప్రాణం ఒక ఎత్తు. స్టీరింగూ ముందు బ్రేకులూ ఉండేది ఆ ముందు ఇరుసు మీదే. అక్కడ అతుకు ఊడిందంటే లోపల కూర్చున్నది మన మనిషే గదమ్మా!

మూడో ప్రశ్న: ముందూ వెనకా లెక్క కుదిరిందా?

ఇది మా వాడు చెప్పేదాకా నాకు తెలియదు. డిఫరెన్షియల్ లోపల పెద్ద పళ్ళచక్రం క్రౌను, చిన్నది పినియను. క్రౌనుకు 41 పళ్ళు, పినియనుకు 10 ఉంటే లెక్క 4.1. పినియనుకు 9 ఉంటే సుమారు 4.56. వెనక ఒకటి, ముందు ఇంకొకటి పెట్టి నాలుగు చక్రాలూ కలిపితే ఏమవుతుంది? కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి పరుగెత్తి, ఇంకొకటి నడిచినట్టు ఉంటుంది. టైర్లు అరుగుతాయి, పళ్ళు విరుగుతాయి. నాలుగు టైర్లూ ఒకే సైజు ఉండాలనేది కూడా ఇందుకే.

లెక్క సరిగ్గా కుదిరినా ఇంకో మాట గుర్తుంచుకోండి. ఇలా అమర్చేవి ఎక్కువగా అవసరమైనప్పుడు మాత్రమే వేసుకునే రకం. గట్టి తారు రోడ్డు మీద వేసి నడిపితే, మలుపుల్లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేరు వేరు దూరాలు తిరగలేక బిగుసుకుపోతాయి. బురద దాటగానే తీసేయాలి. ఇంకోటి, ఫోర్ వీల్ డ్రైవు ఉంటే బ్రేకు బాగా పడుతుందనుకోకూడదు. అది కదలడానికి సాయపడుతుంది గానీ, ఆగడానికి కాదు.

నాలుగో ప్రశ్న: కాగితాల మాటేమిటి?

దీన్ని మగవాళ్ళు చివరికి నెట్టేస్తారు. మనం మొదట అడగాలి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను బండి మార్పుల గురించే ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసి ఉంది. ఇక ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే, వాళ్ళు డబ్బు ఇవ్వకపోవడానికి మనమే సాకు ఇచ్చినట్టవుతుంది. అందుకే సామాను కొనకముందే ఆర్.సి. బుక్కు పట్టుకుని ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగాలి. రాతపూర్వకంగా ‘సరే’ అన్న కాగితం లేకుండా స్పానరు పట్టనివ్వకూడదు.

ఈ నాలుగూ రాసి మావారి టిఫిను పళ్ళెం పక్కన పెట్టాను. మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయనే వెళ్ళి మెకానిక్కును మూడో ప్రశ్న అడిగారట. “ముందుది ఎంత లెక్కో విప్పితే గానీ తెలియదండీ” అన్నాడట. సాయంత్రం ఇంటికొచ్చి, “కాఫీ ఇస్తావా?” అన్నారు. అంతే, ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

తర్వాత రెండు కొత్త టైర్లు వేయించాం. డొంకలో ఎప్పుడూ దిగబడే చోట రైతులతో కలిసి రాయీ గ్రావెలూ తోలించాం. ఈ వానాకాలం ఒకసారి దిగబడింది, లేదనను. కానీ గంటలో బయటపడింది, సరుకు మార్కెట్టుకు అందింది.

కొండ దారుల్లో, ఇసుకలో రోజూ తిరిగే వాళ్ళకు ఫోర్ వీల్ డ్రైవు నిజంగా అవసరమే. అలాంటప్పుడు ఉన్న బండి అమ్మి, కంపెనీలోనే అలా తయారైనది కొనడం మేలు. బొలెరో క్యాంపరులో ఆ రకం వచ్చింది. మన శ్రీసిటీలో తయారైన ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాసులో కూడా ఉంది. పాతదైనా సరే, కాగితాలూ, పళ్ళ లెక్కా, బ్రేకులూ ముందే కుదిరి ఉంటాయి. కొనేముందు బురద నేలలో నాలుగు చక్రాలూ లాగుతున్నాయో లేదో నడిపించి చూసుకోండి.

మనకు స్పానరు పట్టడం రాకపోవచ్చు. కూరగాయల బేరంలో నాలుగు ప్రశ్నలు అడగందే సంచీ తెరవం గదా, బండి బేరంలో మాత్రం ఎందుకు ఊరుకోవాలి?

అన్నట్టు, గాజులు నా చేతికే ఉన్నాయి. వచ్చే వారం ఉసిరికాయ పచ్చడితో కలుద్దాం.