విదేశీ భాషల పట్టికలో మన తెలుగెక్కడ?



ఇటీవల మా ప్రాంతంలో ఒక కొత్త ప్రశ్న వినవస్తున్నది. పిల్లలను బడికి పంపక ఇంటి వద్దనే చదివించుకొనే కుటుంబాలు హోసూరు చుట్టుపక్కల కొన్ని ఏర్పడినాయి. బెంగుళూరు ఉద్యోగాలు వదలి తళి, జవళగిరి వైపు తోటలు కొనుక్కొని స్థిరపడినవారు కొందరు. బడుల రుసుములు కట్టలేక విసిగిపోయినవారు కొందరు. నేను తెలుగు పంతులునని తెలిసి వారు నన్ను అడిగేది మాత్రం ఒక్కటే: “అయ్యవారూ, మా పిల్లలకు ఏ విదేశీ భాష నేర్పిస్తే మంచిది? ఫ్రెంచా, జర్మనా, జపనీసా?”

అడిగినవారందరూ తెలుగువారే. ఇంట అవ్వతోనూ తాతతోనూ మాట్లాడేది తెలుగే. వారు వేసుకొన్న పట్టికలో ఇంగ్లీషు ఉన్నది, హిందీ ఉన్నది, ఒక విదేశీ భాషకు చోటు ఉన్నది. తెలుగు లేదు. ఎందుకు లేదని అడిగితే “అది ఇంట్లో ఎట్లాగూ వస్తుంది కదా” అంటారు. ఈ మాట మీదనే నా తగవు.

ఇంట్లో వచ్చేది మాట. చదువు ఇంట్లో దానంతట అది రాదు. రాత్రి రాగిచేలో ఏనుగులు పడిన వైనాన్ని జవళగిరి పిల్లవాడు మన మొరసునాటి తెలుగులో కళ్ళకు కట్టినట్లు చెప్పగలడు. సంతలో కన్నడంలో బేరమాడగలడు, బస్సులో తమిళంలో చీటీ అడగగలడు. అదే వైనాన్ని తెలుగులో నాలుగు వాక్యాలు వ్రాయమనండి. చేతిలో పలక అట్లాగే ఉంటుంది. నోటి భాషకు లిపి అందకపోతే అది అవ్వతోనే ఆగిపోతుంది. మా ఊళ్ళలో అట్లా ఆగిపోయిన ఇళ్ళు ఎన్నో నేను చూచినాను.

ఇన్నాళ్ళూ మనకు ఒక సాకు ఉండేది. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం తెచ్చింది. ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏటేటా ఒక్కొక్క తరగతికి పెంచుతూ, 2015-16 నాటికి పదవ తరగతి దాకా తమిళాన్ని మొదటి భాగంగా నిర్బంధం చేసింది. మాతృభాష కావాలనుకొన్నవారికి నాలుగవ భాగంగా, ఐచ్ఛికంగా మిగిలింది. దాని మీద అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానాల మెట్లెక్కినారు. పదవ తరగతి తమిళ పరీక్ష నుండి మినహాయింపును 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరొక ఏడాది పొడిగించింది. ఆ పోరాటం న్యాయమైనదే. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించవలెనని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెప్పుతున్నది కదా.

అయితే ఆ చట్టం బడులకు. మీ ఇంటికి మొదటి భాగమూ లేదు, నాలుగవ భాగమూ లేదు. మీ పిల్లలు పదవ తరగతి పరీక్ష వ్రాసేది జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా అయితే, అక్కడి భాషల జాబితాలో తెలుగు ఉన్నది. ఐదు విషయాలు తీసుకోవాలి, అందులో రెండు దాకా భాషలు ఉండవచ్చు. ఎవరూ అడ్డుపడరు. తెలుగు తీసేసినారని కృష్ణగిరి నుండి చెన్నై దాకా మొత్తుకొన్నాం. తీసేసేవాడెవడూ లేని చోట, మన చేతులతో మనమే తీసేస్తున్నాం!

ఒక చిన్న ముచ్చట. 1938లో మద్రాసు రాష్ట్రంలో హిందీని నిర్బంధం చేసిన ప్రధాని రాజగోపాలాచారి గారు పుట్టింది మన హోసూరు పక్కనున్న తొరపల్లిలోనే. ఎంత ఆందోళన లేచింది! 1940లో ఆ ఉత్తరువు రద్దయింది. బలవంతంగా రుద్దితే జనం తిరగబడతారు. సొంత భాష తనంత తానే జారిపోతే తిరగబడేదెవరి మీద?

ఇక మార్కుల సంగతి. దీన్ని చెప్పడానికి నాకు సిగ్గు. నా కూతురిని ఒక ప్రైవేటు బడిలో చేర్చినప్పుడు రెండవ భాషగా ఫ్రెంచి పెట్టించినవాడిని నేనే. తెలుగు పంతులునై ఉండి! “ఫ్రెంచి తేలిక సార్, నూటికి తొంభై ఎనిమిది వస్తాయి” అన్నారు. నిజమే, తొంభై ఎనిమిదే వచ్చినాయి. పాఠం ఇంగ్లీషులో చెప్పినారు, ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టించినారు. ఈనాడు ఆమెకు ఫ్రెంచిలో గుర్తున్నది నమస్కారమూ, అంకెలు ఇరవై దాకా. మా అమ్మ తన చివరి రోజులలో తెలుగులో వ్రాసి పెట్టిన నోటుపుస్తకం ఒకటి ఉన్నది: పొలం లెక్కలు, కొన్ని పాటలు, ఏ చెట్టు ఆకు దేనికి మందో. దాన్ని నా కూతురు నా చేత చదివించుకొని వింటుంది. నేను లేని నాడు ఎవరిచేత చదివించుకొంటుందో అని అడిగే ధైర్యం నాకు లేదు.

అందుచేత మార్కుల కోసం భాషను ఎన్నుకొనేవారితో నేను వాదించను. నేను చేసిన పనే వారూ చేస్తున్నారు.

విదేశీ భాష వద్దని నా మాట కాదు. నేర్పండి, నిజంగా నేర్పండి. కాని లెక్క చూచుకొని నేర్పండి. అమెరికా విదేశాంగ శాఖవారు తమ ఉద్యోగులకు భాషలు నేర్పించడంలో ఎంత కాలం పట్టునో లెక్క కట్టినారు. ఇంగ్లీషు మాతృభాషగా గల పెద్దవానికి స్పానిషుకు సుమారు 600 గంటల నుండి 750 గంటలు, జర్మనుకు 900, తెలుగుకు 1100, జపనీసుకు 2200 గంటల తరగతి బోధన కావాలట. అంటే మీ బిడ్డ నోట ఊరికే ఉన్నది 1100 గంటల ఆస్తి. దానికి అక్షరాలు చేర్చడానికి రోజుకు అరగంట చొప్పున ఒక ఏడాది చాలునని నా అనుభవం.

జపనీసు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, అడిగేవారు ఎక్కువ కనుక. ఆ 2200 గంటలు ఇంగ్లీషువానికి. మనవానికి వాక్యం తిప్పుకొనే కష్టం లేదు. “నేను బడికి వెళ్తాను” అన్నదాన్ని జపనీసువారు “వతాషి వ గక్కో ని ఇకిమాసు” అంటారు. నేను ముందు, బడి తరువాత, మన ‘కి’ ఉండే చోటనే వారి ‘ని’, క్రియ చివర. తెలుగు వ్యాకరణం తెలిసిన పిల్లవాడు దీన్ని చిటికెలో పట్టుకొంటాడు. తెలియనివాడు ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి రావాలి. లిపి మాత్రం కొండే. నిత్యవ్యవహారానికని వారి ప్రభుత్వం నిర్ణయించిన చిత్రాక్షరాలు 2136, రెండు అక్షరమాలలు వేరే. మన యాభై ఆరు అక్షరాలకే బెదిరే తల్లిదండ్రులు దానికి మాత్రం ఉత్సాహపడడం నాకు వింతగానే ఉంటుంది.

ఫ్రెంచి, జర్మను, కొరియను, ఏదైనా సరే, మూడు విషయాలు విచారించండి. ఆ భాష నిజంగా మాట్లాడగల మనిషి మీకు అందుబాటులో ఉన్నాడా? కనీసం నాలుగేళ్ళు సాగించగలరా? ఆ భాషలో చదువవలసినది ఏదైనా మీ బిడ్డకు కావాలా? మొదటిదానికే ‘లేదు’ అని వస్తే అక్కడితో ఆపండి. 2014 నవంబరులో కేంద్రీయ విద్యాలయాలలో నడుమ సంవత్సరంలో జర్మను తీసి సంస్కృతం పెట్టినప్పుడు పిల్లలు పడ్డ అవస్థ చూచినాం కదా. సాగించలేని భాష మొదలుపెట్టకపోవడమే మేలు. 2020 జాతీయ విద్యావిధానం కూడ విదేశీ భాషల పేర్లు వరుసగా చెప్పింది గాని, మూడు భాషలలో రెండు మన దేశపువే ఉండాలన్నది.

“తెలుగు కూడు పెడుతుందా?” అంటారు. ఈ జిల్లాలో తెలుగు చదివినవానికి ఉద్యోగం దొరకడం కష్టమే, కాదనను. నేను చూచిన తొంభై ఎనిమిది మార్కుల ఫ్రెంచి కూడా కూడు పెట్టలేదు.

అమెరికాలో మనవారి పిల్లల కోసం సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలైనది. అక్కడ కొన్ని పాఠశాలలు తెలుగు నేర్చుకొన్నందుకు విదేశీ భాషాభ్యాసంగా గుర్తింపు ఇస్తున్నాయి. సముద్రాలకు అవతల తెలుగు విదేశీ భాష అయి పట్టికలో చోటు సంపాదించుకొన్నది. జవళగిరిలో ఇంటి భాష అయి చోటు పోగొట్టుకొన్నది.

నన్ను అడిగినవారికి నేను చెప్పిన వరుస ఇది. మొదటి ఏడు తెలుగు చదవడం, వ్రాయడం. రెండవ ఏడు కన్నడ అక్షరాలు. లిపులు రెండూ ఒక తల్లి బిడ్డలే కనుక నెల రోజులు చాలు, ఇరుగుపొరుగువారితో పని పడుతుంది. తమిళం ఎట్లాగూ వదలరాదు, ఈ నేల రాజభాష. విదేశీ భాష పదకొండో పన్నెండో ఏట, బిడ్డ ఇష్టం కనుక్కొని. ముగ్గురిలో ఒకరు ఒప్పుకొన్నారు. ఇద్దరు “ఆలోచిస్తాం అయ్యవారూ” అన్నారు.

ఒప్పుకొన్న ఇంటి పిల్లలు ఇద్దరు ఆదివారాలు పొద్దున పది గంటలకు మా ఇంటి అరుగు మీదికి వస్తున్నారు. గుణింతం దాకా వచ్చినాం. ఇంకా నలుగురికి చోటున్నది. పలక మీరే తెచ్చుకోండి, బలపాలు నా దగ్గర ఉన్నాయి.