పీపా వాసన కింద పిప్పి వాసన

ఇటలీ వెళ్ళొచ్చిన మిత్రుడొకాయన గ్రాప్పా సీసా ఒకటి తెచ్చాడు. దానిమీద ‘స్త్రావెక్కియా’ అని రాసుంది. బాగా పాతబడిందని అర్థం. కనీసం 18 నెలలు కొయ్యపీపాలో ఉంటేనే ఆ మాట వేసుకోనిస్తారు.

రైతుకూలీల శీర్షికలో సారా సంగతేమిటని కొందరు మిత్రులు కోప్పడొచ్చు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు ఎందుకు లేచారో నాకూ తెలుసు. తాగండని చెప్పడానికి కాదు ఇది రాస్తున్నది. దీని రుచి గురించి పెద్దమనుషులు రాసే రాతల్లో పీపా గొప్పే తప్ప పిప్పి ఊసు సరిగా కనపడదు. అదీ నా తగాదా.

ద్రాక్ష పిండి వైన్ చేసుకున్నాక తొక్కా, గింజా మిగులుతాయి. ఆ పిప్పిని కాచి తీసేదే గ్రాప్పా. ఇటలీలో చాలాచోట్ల సంగోరు సేద్యం ఉండేది. 1964 చట్టం కొత్త సంగోరు ఒప్పందాలను నిషేధించింది. పాతవాటిని కౌలుగా మార్చుకునే దారి 1982 చట్టంతో గాని రాలేదు. మంచి వైన్ దొర బల్లమీదికో బజారుకో పోతే, పేదరైతుకు దక్కింది ఈ పిప్పి సారా. చలికాలం పనిలోకి దిగేముందు ఒక గుక్క. అంతే దాని మర్యాద.

ఆ రోజుల్లో అన్ని రకాల పిప్పీ ఒకే కుప్పగా పోసేవారు. రోజుల తరబడి నిలవుంటే కుళ్ళేది. కుళ్ళిన పిప్పి నుంచి మంచి సారా ఎట్లా వస్తుంది? 1973లో ఫ్రియూలీ ప్రాంతంలో నొనీనో కుటుంబం పికొలీత్ అనే ఒక్క రకం ద్రాక్ష పిప్పితోనే గ్రాప్పా తీసింది. ఆ ఇంటి ఇల్లాలు జన్నోలా నొనీనో రైతుల భార్యలను అడిగి, డబ్బిచ్చి, ఆ పిప్పిని విడిగా తీయించింది. వ్యాపారం కోసమే చేసిందనుకోండి. కానీ రుచి బాగుపడింది ఎక్కడ? ఆడవాళ్ళు వేరుచేసిన చోట, ఆ పనికి కూలి ముట్టిన చోట.

ఇక రుచి చూసే పద్ధతి. నడుము లావుగా, మూతి సన్నగా ఉండే చిన్న గ్లాసు కావాలి. 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం చాలు, ఐసు వద్దు. పోసి కాసేపు ఆగాలి. గబుక్కున ముక్కు పెడితే ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. రంగు చూసి మురిసిపోవద్దు. పాతదానిలో మాడ్చిన చక్కెర రంగు కొంత కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది. అరచేతి వెనక ఒక బొట్టు రుద్ది వాసన చూడండి. నాకు ముందు తగిలింది బ్యారన్‌లో ఆరిన పొగాకు, వనిల్లా. అదంతా పీపాది. కాసేపటికి కింద నుంచి ఎండుద్రాక్ష వాసన, తొక్క వగరు పైకొచ్చాయి. అవి రాకపోతే ఆ సీసాలో ఉన్నది కొయ్య రసమే. పీపా మంచి పిప్పికి వన్నె తెస్తుంది, చెడ్డ పిప్పికి ముసుగూ వేస్తుంది.

పక్కన చేదు చాక్లెట్టు పెట్టుకోమంటారు. పెట్టుకున్నాం. చాక్లెట్టూ పీపా ఒకటైపోయి పిప్పిని తొక్కేశాయి. బాగా ముదిరిన గట్టి చీజ్ ముక్క నయం. ఆ ఉప్పదనం మీద తొక్క వాసన నిలబడింది. ఎండు అంజూర కూడా కుదిరింది. వెనెతోలో కాఫీ తాగేశాక అడుగంటిన మడ్డిలో నాలుగు చుక్కలు పోసి, కప్పు తిప్పి గుక్కేస్తారట. పాతదాన్ని అట్లా పాడుచేస్తారా అని మా మిత్రుడు గింజుకున్నాడు. నాకైతే మిగతా అన్నిటికన్నా అదే నచ్చింది.

పీపాలో ఎన్ని నెలలుందో సీసామీద చూసుకోవచ్చు. మరి పిప్పి ఎన్నాళ్ళు నిలవుంది, దాన్ని వేరుచేసిన మనిషికి ఏమిచ్చారు? ఆ సీసాను అటూ ఇటూ తిప్పి చూశాను, ఎక్కడా లేదు.